లాభం, రెండు, మూడు

రాత్రి పదిన్నరకు వేళచ్చేరి నుంచి నీలాంకరైకి ఆటో అతను నాలుగు వందలు అడిగాడు. ఇరవై ఏళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. తమిళంలో బేరమాడగలను, పోట్లాడగలను కూడా. కానీ ‘తమిళ్’ అనే మాట చివర పలికే ఆ ప్రత్యేకమైన ‘ళ’ నా నోట సరిగ్గా తిరగదు. అది విన్న మరుక్షణం ఆటోల వాళ్లు వంద పెంచుతారని నా గట్టి నమ్మకం. చివరికి మూడు వందల యాభైకి వచ్చాడు.

“ఆ డబ్బుతో చీరాల వెళ్లి, సినిమా చూసి, కాఫీ తాగి రావచ్చు కదరా,” అంది మా పిన్ని ఆటో ఎక్కుతూ.

పిన్నిది చినగంజాం. కూతురి పెళ్లి చీరల కోసం వచ్చింది. పాండీ బజారులో నాలుగు రోజులు తిరిగి, చీరల కంటే ఎక్కువగా ధరల మీద అభిప్రాయాలు పోగు చేసుకుంది. అరవై రెండేళ్ల మనిషి సముద్రపు తాబేళ్లను చూడడానికి అర్ధరాత్రి ఇసుకలో ఏడు కిలోమీటర్లు నడుస్తానంటే నేను వద్దన్నాను. కింది వాటా మామి కూడా వద్దంది. ఆవిడ కారణం వేరు. తాబేలు దూరిన ఇల్లూ, అమీనా (జప్తుకు వచ్చే కోర్టు ఉద్యోగి) దూరిన ఇల్లూ బాగుపడవని తమిళంలో సామెత ఉంది. తాబేళ్లను వెతుక్కుంటూ వెళ్లడం ఏమిటని ఆవిడ బాధ. అది తెలుగులో చెబితే పిన్ని తాపీగా విని, “అమీనా మా ఇంటికి రెండుసార్లు వచ్చాడు. తాబేలు ఒక్కసారీ రాలేదు. ఏది నయమో చూద్దాం పద,” అంది. బాబాయి ఉప్పు వ్యాపారం సంగతి తెలిసినవాణ్ని కనుక నేను నవ్వలేదు.

నిజానికి నేను ఆవిడకు ఒక నడక బాకీ ఉన్నాను. అంతకు ముందు ఆదివారం డబ్బు కట్టి మరీ ఒకటి చెడగొట్టుకున్నాం. ముట్టుకాడు నుంచి కోవళం దాకా సముద్రం పక్కనా, వెనక ఊళ్ల మీదుగానూ వసంతకాలపు నడక, తలకు పదిహేను వందలు. అందులో ఒక టోపీ, ఒక నీళ్ల సీసా, పొట్లంలో గుప్పెడు సుండల్. ఉదయం ఆరున్నరకు అన్నది ఎనిమిదిన్నరకు మొదలైంది. మార్చి నెలలో ఈ ఊళ్లో ఎనిమిదిన్నర దాటాక వసంతం ఎక్కడిది? గైడు కుర్రవాడు ఫోను చూసి చదివాడు: కోవళం కర్ణాటక నవాబుల రేవు, తర్వాత ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది, 1752లో క్లైవు దాడితో కోట నేలమట్టమైంది. కోట ఉన్న చోటు చూపించమంటే ఖరీదైన హోటలు ప్రహరీ చూపించాడు. దాని నీడలో నిలబడ్డందుకు మనం డబ్బు కట్టామన్నమాట.

ముట్టుకాడు దగ్గర మాత్రం ఒక పావుగంట బాగుంది. అక్కడ బోటు షికారు జరిగే నీళ్లను చూపించి గైడు తన వాక్యం చదవబోతుండగా, పిన్ని గట్టు మీద ఆగిపోయి ఉత్తరంగా చూసింది.

“ఇది మన కాలవే కదరా?”

అవును, బకింగ్‌హాం కాలువే. మా వైపు పెదగంజాం దగ్గర మొదలై, నెల్లూరు జిల్లా పొడవునా సముద్రాన్ని ఆనుకుని దిగి, మద్రాసు మధ్యనుంచి పోయి, మరక్కాణం దాకా వెళుతుంది. సుమారు 420 కిలోమీటర్లు. 1877-78 కరువులో పనికి వచ్చిన కూలీలు అడయారునూ కూవాన్నీ కలుపుతూ తవ్విన ముక్కతో ఉత్తర దక్షిణ కాలువలు ఒకటయ్యాయి. అప్పటి గవర్నరు పేరే కాలువకు పెట్టారు. ఇదంతా నాకు పుస్తకాల వల్ల తెలుసు. పిన్నికి తెలిసింది వేరు. వాళ్ల నాన్న ఉప్పు బస్తాలు పడవకు ఎత్తించేవాడు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద ఇద్దరు మనుషులు నడుముకు తాడు కట్టుకుని వంగి లాగేవాళ్లు. పడవలో ముసలి సరంగు మాత్రం చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. “మద్రాసు వెళ్లి వచ్చిన పడవ ఏదో వాసన చూసి చెప్పేవాళ్లం,” అంది. ఈ కాలువ ఇప్పుడు మద్రాసు మధ్యలో ఎలాంటి వాసన వేస్తుందో నేను చెప్పలేదు. గైడు ఫోను జేబులో పెట్టి వినడం మొదలుపెట్టాడు. నేను తమిళంలోకి మార్చి చెబుతూ పోయాను. ఆ రోజు పదిహేను వందలూ పిన్నికి ఇవ్వాల్సింది.

తర్వాత ఎండ, సరుగుడు తోపులు, డెబ్బై రూపాయల కొబ్బరిబోండం. ఒక ఊరి చివర వేపచెట్టు విరగబూసి ఉంటే పిన్ని ఆ టోపీ నిండా పూత దులుపుకుంది. ఉగాది రెండు వారాల్లోనే ఉంది మరి. ఆ టోపీకి అంతకు మించిన ఉపయోగం ఇప్పటికీ నాకు కనిపించలేదు.

ఈ తాబేళ్ల నడకకు రుసుము లేదు. ఇష్టమైతే చందా ఇవ్వవచ్చు. 1988 నుంచి ఇక్కడి విద్యార్థులు సంఘంగా ఏర్పడి ఏటా ఈ పని చేస్తున్నారు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. కుర్రాళ్లు రాత్రంతా నీలాంకరై నుంచి బెసంట్ నగర్ దాకా నడిచి, కుక్కల కంటే ముందు ఆ గుడ్లను చేరుకుంటారు. వారాంతాల్లో మనలాంటి వాళ్లనూ వెంట రానిస్తారు. మేం నలభై మంది దాకా ఉన్నాం. ఇసుకలో కూర్చోబెట్టి ఒక కాలేజీ కుర్రవాడు నియమాలు చెప్పాడు: టార్చి వద్దు, ఫోను వెలిగించవద్దు, అరవవద్దు, తాబేలు కనిపిస్తే ముందుకు ఉరకవద్దు. నల్లటి బట్టలు వేసుకోమన్నారు. పిన్ని చిలకపచ్చ చీర కట్టుకొచ్చింది. కుర్రవాడు చూసి, ఏమీ అనలేక, “పాట్టీ వెనక వరసలో రావాలి” అన్నాడు. పాట్టీ అంటే అవ్వ అని తెలిసి పిన్నికి కొంచెం కోపం వచ్చింది.

ఆ కోపంలోనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పావుగంటలో ముందు వరసలోకి వెళ్లిపోయింది. తడి ఇసుక అంచున, అల వచ్చి వెళ్లిన చోటే అడుగు వేస్తూ నడిచింది. నేను బూట్లతో పొడి ఇసుకలో ఈడ్చుకుంటూ వెళ్లాను. నాకు తెలిసిన తీరం పగటిది: బజ్జీలు, గాలిపటాలు, తుపాకీతో బుడగలు పేల్చే బల్లలు. రాత్రి ఒంటిగంటప్పుడు పాలవాక్కం దగ్గర ఏమీ లేదు. బోర్లించిన పడవలు, వలల కుప్పలు, కాళ్ల కిందనుంచి పక్కకు పరుగెత్తే తెల్లటి పీతలు. ఆ ఏమీ లేకపోవడం నాకు మొదటి గంట విసుగు పుట్టించింది. పడమట వీధి దీపాలు. తూర్పున కాసేపటికి ఎర్రటి అష్టమి చంద్రుడు సగం కోసిన బొప్పాయి ముక్కలా నీళ్లలోంచి లేచాడు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుగు ఉన్న దిక్కుకే పాకుతాయట. మామూలుగా ఆకాశం కింద సముద్రమే తెల్లగా కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం దీపాలు వాటిని రోడ్డు మీదికి పిలుస్తాయి.

కొట్టివాక్కం దాటాక వాసన ముందు వచ్చింది. చచ్చిన తాబేలు. డిప్ప మీద ఎవరో అప్పటికే రంగు గీత వేశారు, ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టకుండా. ట్రాలర్ (వలను ఈడ్చుకుపోయే మరపడవ) వలలో చిక్కితే పైకి వచ్చి గాలి పీల్చుకోలేక మునిగి చనిపోతాయని కుర్రవాడు చెప్పాడు. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల వెయ్యికి పైగా ఇలా కొట్టుకొచ్చాయి. ఒడ్డుకు 5 నాటికల్ మైళ్ల లోపు ట్రాలర్లు వేటాడకూడదని నియమం ఉంది. “నీళ్ల మీద గీత ఎవరు చూశారు నాయనా,” అంది పిన్ని. ఆ మాట ట్రాలర్లను సమర్థిస్తున్నదో తిడుతున్నదో నాకు అర్థం కాలేదు. వేటకు వెళ్లేవాళ్ల మధ్య పెరిగినావిడ.

రెండు గంటలకు ముందు వెళ్లినవాళ్లు ఈల వేశారు. అందరం ఆశగా వెళ్లాం. తాబేలు లేదు. వచ్చి వెళ్లిపోయింది. నీళ్లలోంచి ఇసుక గుట్ట దాకా ఒక చార, గుట్ట నుంచి నీళ్లలోకి ఇంకో చార. రెండడుగుల వెడల్పున, చిన్న ట్రాక్టరు తోలినట్టు. నాకు ఒళ్లు మండింది. మూడు వందల యాభై పెట్టి, నిద్ర చెడగొట్టుకుని, బూట్ల నిండా ఇసుకతో వస్తే అరగంట ఆగలేకపోయిందా! నా పక్కన ఉన్న ఐటీ ఉద్యోగి ఒకడు పైకే అనేశాడు కూడా. పిన్ని మాత్రం ఆ చార పక్కన గొంతుక్కూర్చుని, దాన్ని అరచేత్తో తడిమింది.

కుర్రవాడు సన్నటి కడ్డీతో ఇసుకను మెల్లగా పొడుస్తూ వెతికాడు. గట్టిగా ఉంది, గట్టిగా ఉంది, ఒకచోట కడ్డీ సర్రున దిగింది. కడ్డీ పక్కన పెట్టి చేతులతో తవ్వాడు. భుజం దాకా దిగాక ఆగి, మొదటి గుడ్డు తీశాడు. పెద్ద నిమ్మకాయంత, తెల్లగా, తడిగా, వేలు తగిలిన చోట చిన్న సొట్ట పడి ఉంది. కోడిగుడ్డులా పెంకు కాదు, తోలు. ఇంకొకమ్మాయి గుడ్డసంచి పట్టుకుంది. అతను తమిళంలో లెక్కపెడుతూ ఒక్కొక్కటీ అందిస్తున్నాడు. పిన్ని నా పక్కనుంచి తన లెక్క మొదలుపెట్టింది.

“లాభం, రెండు, మూడు...”

మా ఊళ్లో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఆ సంచి పట్టుకున్న అమ్మాయి అదేమిటని అడిగింది. చెప్పాను. కాసేపు ఇద్దరూ రెండు భాషల్లో, ఒకే వేగంతో లెక్కపెట్టారు. యాభై దాకా సరిగ్గానే ఉంది. ఆ తర్వాత ఎక్కడో తేడా వచ్చింది. గొయ్యి ఖాళీ అయ్యేసరికి అతనికి 112, పిన్నికి 113.

“నాకు ఉప్పు బస్తాలు తప్పలేదు, గుడ్లు తప్పుతాయా?” అంది పిన్ని. నేను తమిళంలో కొంచెం మెత్తగా చెప్పాను. కుర్రవాడు మర్యాదగా నవ్వి పుస్తకంలో 112 అని రాసుకున్నాడు.

తిరువాన్మియూరు నుంచి బెసంట్ నగర్ దాకా ఎలా నడిచామో నాకు పెద్దగా గుర్తు లేదు. మడమ బొబ్బ ఎక్కింది. సంచిని కాసేపు పిన్ని చేతికి ఇచ్చారు. కుదపవద్దన్నారు. ఆవిడ నెత్తిన నీళ్ల బిందె ఉన్నట్టు మెడ నిటారుగా పెట్టుకుని నడిచింది.

గుడ్లను పొదగబెట్టే హేచరీ అంటే ఏదో భవనం అనుకున్నాను. ఇసుకలో తడికలు కట్టిన చిన్న దొడ్డి అది. లోపల వరసలుగా గుంటలు, ఒక్కోదానికి ఒక చీటీ. తల్లి తవ్విన లోతులోనే, కుండలా కింద వెడల్పుగా కొత్త గొయ్యి తీశారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు వస్తాయి, ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి, చల్లగా ఉంటే మగవి అని కుర్రవాడు చెప్పాడు. “అయితే ఈ ఊళ్లో అన్నీ ఆడపిల్లలే,” అంది పిన్ని. గుడ్లు దింపుతూ అతను మళ్లీ లెక్కపెట్టాడు. ఈసారి పిన్ని నోరు మెదపలేదు. చివరి గుడ్డు దగ్గర అతను ఒక క్షణం ఆగాడు. తర్వాత చీటీ మీద 2 కొట్టేసి పక్కన 3 రాశాడు. పిన్ని చెంగుతో ముఖం తుడుచుకుని, చెప్పులు కింద పడేసి కాళ్లకు వేసుకుంది.

తిరుగు ఆటో అతను సూళ్లూరుపేట వాడు. తెలుగులోనే మూడు వందలు అడిగాడు. పిన్ని తెలుగులోనే రెండు వందలకు దింపింది.

మే 8న సంఘం నుంచి నా ఫోనుకు సందేశం వచ్చింది: ఆ గుంటలోంచి 97 పిల్లలు సముద్రంలోకి వెళ్లాయి. చినగంజాంలో పెళ్లి హడావుడి. పిన్నికి ఫోను చేస్తే వెనక పందిరి రాటలు కొడుతున్న చప్పుడు. అంకె చెప్పాను. కాసేపు చప్పుడే వినిపించింది.

“మరి మిగతా పదహారూ?” అంది.