కర్ర అందుకోని ఎత్తు: ఛాతీకి కట్టుకునే అడ్డంకి సూచిక, ఇప్పటివరకు జరిగిన పని

చూపు లేనివారికి తెల్లకర్ర నేల గురించి చెప్పినంత నమ్మకంగా ఏ ఎలక్ట్రానిక్ పరికరమూ చెప్పలేదు. గుంత, మెట్టు, మూతలేని మురుగుకాలువ, కాలిబాట అంచు, ఇవన్నీ కర్ర కొసకు తెలుస్తాయి. దానికి తెలియనిది నడుము పైభాగం. విజయవాడ వీధుల్లో ఆ ఎత్తున ఉండేవి తక్కువేమీ కావు: దుకాణం ముందుకు దించిన రేకు పంచ అంచు, ఆగి ఉన్న లారీ వెనుక బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, గోడకు బిగించిన ఏసీ బయటి పెట్టె, ప్రహరీ దాటి వంగిన కొమ్మ. వీటి కిందనుంచి కర్ర నిరాటంకంగా దూరిపోతుంది, దాని వెనుక వచ్చే మనిషి తల తగులుతుంది. ఈ ఒక్క లోటు కోసం తీరిక వేళల్లో చేస్తున్న పరికరం వివరాలను, ఇలాంటిది చేయాలనుకునేవారికి పనికొచ్చేలా ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

ఆలోచన కొత్తది కాదు. 1960లలోనే లెస్లీ కే అనే ఇంజినీరు అల్ట్రాసోనిక్ టార్చిని రూపొందించారు. అది చెవికి వినబడని శబ్ద తరంగాన్ని పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని చెవికి వినిపించే శబ్దంగా మార్చేది. మన దేశంలో ఐఐటీ ఢిల్లీ బృందం తయారుచేసిన స్మార్ట్‌కేన్ 2014లో వాడకానికి వచ్చింది. కర్ర పిడికి తగిలించే ఆ పరికరం మూడు మీటర్ల దూరం వరకు మోకాలి పైనున్న అడ్డంకులను కంపనంతో తెలియజేస్తుంది. కొనగలిగినవారు దానిని కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. నేను మళ్లీ చేయడానికి కారణం, నాకు తెలిసిన ఇద్దరి అవసరాలు ఒకదానికొకటి పొసగకపోవడం.

ఆ ఇద్దరిలో ఒకరు సత్యనారాయణపురంలో మా వీధిలోనే ఉంటున్న విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయులు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వల్ల ఆయన చూపు అంచుల నుంచి కుంచించుకుపోయి, పగటివేళ గొట్టంలోంచి చూసినంత మేర మాత్రమే మిగిలింది, దీపాలు పెట్టే వేళకు అదీ ఉండదు. రెండవవారు ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసే అక్క. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు, చిన్నప్పటి నుంచీ కర్రతోనే తిరుగుతున్నారు.

సంక్రాంతి తరువాత

మొదటి నమూనాకు గవర్నర్‌పేటలో దొరికిన మామూలు విడిభాగాలే సరిపోయాయి: ప్రోగ్రాము రాసి నడిపే ఆర్డుఇనో నానో అనే చిన్న బోర్డు, హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సారు, కంపనం పుట్టించే 10 మిల్లీమీటర్ల బిళ్ల మోటారు. ఈ సెన్సారు 40 కిలోహెర్ట్జ్ తరంగాన్ని ఎనిమిది స్పందనలుగా పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని మైక్రోసెకన్లలో ఇస్తుంది. దానిని 58తో భాగిస్తే సెంటీమీటర్లలో దూరం వస్తుంది. 5 వోల్టులతో పనిచేసే నానోకు దీనిని నేరుగా కలపవచ్చు. 3.3 వోల్టుల బోర్డు వాడేవారు మాత్రం ప్రతిధ్వని కాలాన్ని తెలిపే ఎకో తీగ దగ్గర 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజీని తగ్గించుకోవాలి. ప్రోగ్రాములో ఈ కాలాన్ని కొలిచే పల్స్‌ఇన్ ఆదేశానికి గడువు ఇవ్వకపోతే, ఎదురుగా ఏమీ లేనప్పుడు అది అనవసరంగా వేచి ఉండిపోతుంది. 18,000 మైక్రోసెకన్ల గడువు పెడితే మూడు మీటర్ల వరకు చాలు. అయినా రెండు కొలతల మధ్య 60 మిల్లీసెకన్ల విరామం ఉండాలి, లేకపోతే దూరపు గోడ నుంచి ఆలస్యంగా వచ్చిన పాత ప్రతిధ్వని కొత్త కొలతలో కలిసిపోతుంది.

కర్రకు బిగించడం కంటే ఛాతీకి కట్టడాన్ని ఎంచుకున్నాను. కర్ర ఎప్పుడూ ఎడమకూ కుడికీ ఊగుతూ ఉంటుంది, మణికట్టు తిరిగిన ప్రతిసారీ సెన్సారు వాలు మారుతుంది. మెడలో తాడుతో వేలాడదీస్తే అడుగడుగుకూ ఊగుతుంది కనుక, భుజం మీదుగా అడ్డంగా వేసుకునే వెడల్పాటి పట్టీకి పెట్టెను కుట్టించాను. మాస్టారి ఛాతీ మీద అది నేలనుంచి 125 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. సెన్సారు చూసే శంకువు సుమారు 15 డిగ్రీలు. దానిని 10 డిగ్రీలు పైకి వాల్చితే, మీటరున్నర దూరంలో 130 నుంచి 170 సెంటీమీటర్ల ఎత్తు వరకు దాని పరిధిలోకి వస్తుంది. ఆయన ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు కాబట్టి భుజాల కిందినుంచి నెత్తిదాకా లెక్క సరిపోయింది. పొడుగువారికి ఈ వాలును మళ్లీ లెక్కవేసుకోవాలి; అందరికీ ఒకే కోణం పనికిరాదు.

ఫిబ్రవరి, మార్చి

సూచన శబ్దంగా ఉండాలా, కంపనంగా ఉండాలా అన్న ప్రశ్నకు అక్క క్షణంలో జవాబు చెప్పారు. రోడ్డు దాటేటప్పుడు చెవి వాహనాలకు కావాలి, దానిని ఇంకొకరికి అద్దెకివ్వడం కుదరదన్నారు. కాబట్టి బీప్ శబ్దాలు, మాటలు మొదటి నుంచీ లేవు.

దూరం తగ్గేకొద్దీ కంపనాలు దగ్గరపడాలన్నది అందరికీ తోచే పద్ధతే. అయితే బిళ్ల మోటారు లోపల తిరిగే చిన్న బరువు వేగం అందుకోవడానికి సెకనులో పదోవంతు వరకు పడుతుంది, ఆగడానికీ అంతే. సెకనుకు అయిదు కంటే ఎక్కువ స్పందనలు ఇస్తే అవన్నీ కలిసిపోయి ఒకే రొదగా తెలుస్తాయి. అందువల్ల దూరాన్ని పది మెట్లుగా విభజించడం వృథా. ‘ఉంది’, ‘దగ్గరపడింది’, ‘ఆగు’ అన్న మూడు మెట్లే చర్మం నిలకడగా గుర్తుపట్టగలుగుతోంది. మోటారును బోర్డు కాలికి (పిన్నుకు) నేరుగా కలపకూడదు. 2ఎన్2222 ట్రాన్సిస్టరు, దాని బేస్‌కు 1 కిలోఓమ్, మోటారు రెండు కొసల మధ్య తిరగేసి 1ఎన్4148 డయోడు పెట్టాలి. సెన్సారు పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటరు ఉంచితే, మోటారు మొదలైన క్షణంలో వోల్టేజీ పడిపోయి కొలత చెడడం ఆగిపోతుంది. మోటారును పెట్టెలో ఉంచకుండా పట్టీలో భుజపుటెముక దగ్గర కుట్టాను. అక్కడ చొక్కా మీదినుంచి కూడా స్పష్టంగా తెలుస్తుంది.

ఏప్రిల్: బీసెంట్ రోడ్డు

ఇంటి చుట్టుపక్కల చక్కగా నడిచిన పరికరం సాయంత్రం బీసెంట్ రోడ్డులో ఎందుకూ కొరగాదని తేలింది. అక్కడ మనిషికీ మనిషికీ మధ్య మీటరు ఖాళీ ఉండదు. తోపుడు బండ్లు, బట్టల కుప్పలు, ఎదురొచ్చే జనం, వీటన్నింటికీ మోటారు ఆగకుండా మోగుతూనే ఉంది. ఎప్పుడూ మోగేదానికి అర్థం ఉండదు. పరిధిని 120 సెంటీమీటర్లకు కుదిస్తే కొంత ఊరట కలిగింది గాని, అక్క దానికీ ఒప్పుకోలేదు.

“గోడ ఉందని నాకు చెప్పక్కర్లేదు తమ్ముడూ, అడుగుల చప్పుడు మారగానే తెలిసిపోతుంది. మనిషి ఎదురొస్తే కర్ర చూసి ఆయనే పక్కకు జరుగుతాడు. కింద ఏమీ లేకుండా పైన మాత్రం ఏదైనా ఉంటే అది చెప్పు, చాలు.”

నాకు ఈ పనిలో దొరికిన అసలైన సూత్రం ఇదే. గోడ, మనిషి, స్తంభం, ఇవన్నీ కింద ఎంత దూరంలో ఉంటాయో పైనా సుమారుగా అంతే దూరంలో ఉంటాయి, వాటిని కర్ర ఎలాగూ తాకుతుంది. తలకు తగిలేవి పైన దగ్గరగా, కింద ఖాళీగా ఉంటాయి. ఒక్క సెన్సారు ఈ తేడాను చెప్పలేదు, రెండు ఉంటే చెప్పగలవు. అందుకని మొదటి సెన్సారు కింద మరొకదానిని నేలవైపు వాల్చి పెట్టాను. పై దూరం పరిధిలో ఉండి, కింది దూరం దానికంటే కనీసం 30 సెంటీమీటర్లు ఎక్కువగా ఉన్నప్పుడే మోటారు తిరుగుతుంది. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే పరికరం మౌనం వహిస్తుంది.

కింది సెన్సారు వాలును కుదర్చడానికి చాలాసేపు పట్టింది. 20 డిగ్రీలు వాల్చినప్పుడు, నున్నగా సున్నం వేసిన గోడ ముందు ప్రతిధ్వని నేరుగా వెనక్కి రాకుండా కిందికి జారి, నేలా గోడా కలిసే మూలను తాకి తిరిగివచ్చేది. దూరం ఎక్కువగా నమోదై, గోడను కూడా పైనుంచి వేలాడే వస్తువుగా లెక్కగట్టేది. 12 డిగ్రీలకు తగ్గించాక ఆ ఇబ్బంది పోయింది. ఆ వాలులో మీటరున్నర దూరాన 70 నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తు వరకు కనిపిస్తుంది. కర్ర పట్టుకున్న చెయ్యి కూడా ఆ శంకువులోకే వస్తుంది కాబట్టి కింది సెన్సారులో 45 సెంటీమీటర్ల లోపు కొలతలను ప్రోగ్రాము పట్టించుకోదు. రెండు సెన్సార్లూ ఒకేసారి పలికితే ఒకదాని ప్రతిధ్వని మరొకదానికి వినిపిస్తుంది, అందుచేత వంతులవారీగా నడపాలి. జత కొలతకు 120 మిల్లీసెకన్లు పడుతుంది. చివరి మూడు కొలతల్లో విలువను బట్టి మధ్యదానిని తీసుకుంటున్నాను కనుక కొత్త అడ్డంకి తేలడానికి రెండు జతలు కావాలి. దానికి మోటారు ఆలస్యాన్నీ, మనిషి స్పందించే సమయాన్నీ కలిపితే అరసెకను దాటుతుంది. సెకనుకు మీటరు నడిచేవారు ఆలోపు అరమీటరు ముందుకు వచ్చేస్తారు. మీటరున్నర కంటే తక్కువ పరిధి పెట్టుకునేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

మాస్టారికి ఈ పద్ధతి పూర్తిగా నచ్చలేదు. “గోడ సంగతి కూడా నాకు తెలియాలోయ్. ఆవిడకు వినబడే చప్పుడు నాకు వినబడదు” అన్నారు. అరవై ఏళ్లు చూపుతో బతికినవారికి చెవి ఆ పని అంత సులువుగా నేర్చుకోదు. కాబట్టి ఒక జారుడు స్విచ్చి పెట్టాను: ఒకవైపు జరిపితే వేలాడేవాటికి మాత్రమే, రెండవవైపు జరిపితే అన్నింటికీ సూచన వస్తుంది, గోడలాంటివాటికి చిన్నగా ఒక్క స్పందనే, వేలాడేవాటికి గట్టిగా. స్విచ్చి ఎటు ఉందో వేలితో తడిమితే తెలియాలి గనుక టచ్ బటన్ల జోలికి పోలేదు.

మే

ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు శబ్దవేగం సెకనుకు 358 మీటర్ల దాకా పెరుగుతుంది. 58తో భాగించే సూత్రం 20 డిగ్రీల దగ్గరి 343 మీటర్లకు సరిపోయేది. తేడా నాలుగు శాతం పైచిలుకు. 157 సెంటీమీటర్ల దూరం 150గా నమోదవుతుంది. ఉన్నదానికంటే దగ్గరగా చూపడం జాగ్రత్తవైపే కాబట్టి సవరణ పెట్టలేదు.

లేజరుతో దూరం కొలిచే వీఎల్53ఎల్0ఎక్స్ సెన్సారును కూడా ఈ నెలలోనే పరీక్షించాను. అది ఇంట్లో రెండు మీటర్ల వరకు చక్కగా చూసింది. అయితే అది వాడేది 940 నానోమీటర్ల పరారుణ కాంతి. మధ్యాహ్నపు ఎండలోనూ ఆ కాంతి దండిగా ఉండడంతో డాబా మీద పరిధి మీటరు లోపుకు పడిపోయింది. బెజవాడ ఎండకు అది తగదని పక్కన పెట్టేశాను.

జూలై

హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ముందుభాగం జాలీతో ఉంటుంది, వానకు పనికిరాదు. కార్ల వెనుక బంపరులో ఉండేలాంటి మూసిన బిళ్లతో వచ్చే జేఎస్ఎన్-ఎస్‌ఆర్04టీని దాని బదులు ప్రయత్నిస్తున్నాను. ఇందులో పంపేదీ వినేదీ ఒకే బిళ్ల. పలికిన తరువాత దాని అదురు ఆగేదాకా అది వినలేదు కనుక 20, 25 సెంటీమీటర్ల లోపల ఏముందో దానికి తెలియదు. ఛాతీకి అంత దగ్గరకు వచ్చిన వస్తువును పరికరం చెప్పనక్కర్లేదు కాబట్టి అది లోపం కాదు. దాని శంకువు మాత్రం మరీ వెడల్పు. పై సెన్సారుకూ కింది సెన్సారుకూ మధ్య తేడా మసకబారుతోంది. బిళ్ల ముందు చిన్న పీవీసీ గొట్టం ముక్క తగిలించి, లోపల పలుచని స్పాంజి అతికించి చూస్తున్నాను. కొంత ఇరుకైంది గాని తృప్తిగా లేదు.

పండిట్ నెహ్రూ బస్టాండులో ఒక విచిత్రం తెలిసింది. బస్సు ఆగి బ్రేకుల గాలి ‘బుస్సు’మని వదిలినప్పుడల్లా ఎదురుగా ఏమీ లేకుండానే మోటారు కదిలింది. పీడనంతో బయటపడే గాలి చప్పుడులో మన చెవికి వినబడని 40 కిలోహెర్ట్జ్ భాగం కూడా ఉంటుంది, సెన్సారు దానినే ప్రతిధ్వనిగా తీసుకుంటుంది. బస్టాండు వాడకానికి మూడు బదులు అయిదు కొలతల్లో మధ్యదానిని తీసుకుంటే ఈ దొంగ సూచనలు బాగా తగ్గాయి, కాకపోతే స్పందన ఆలస్యమైంది. ప్రస్తుతానికి మూడు దగ్గరే ఉంచాను.

కరెంటు స్తంభం వంగకుండా నేలకు ఏటవాలుగా లాగి కట్టే స్టే వైరు విషయంలో మాత్రం పరికరాన్ని నమ్మవద్దని ఇద్దరికీ స్పష్టంగా చెప్పాను. 40 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం తొమ్మిది మిల్లీమీటర్ల లోపు, వైరు మందమూ సుమారుగా అంతే. గుండ్రంగా, ఏటవాలుగా ఉండే ఆ తీగ తరంగాన్ని ఎటో పక్కకు చెదరగొడుతుంది. అరమీటరు దగ్గరకు వస్తేగాని కనిపించదు, ఒక్కోసారి అప్పుడూ కనిపించదు. వీధిలో ఏ స్తంభానికి స్టే ఉందో మాస్టారు గుర్తుపెట్టుకోవడమే ఇప్పటికి ఉపాయం.

దారి చూపే పని పెట్టమని కొందరు మిత్రులు అడిగారు, నేను పెట్టలేదు. ఫోనులోని జీపీఎస్ ఆకాశం తేటగా కనిపించేచోట కూడా అయిదు మీటర్ల అటూ ఇటూ చూపుతుంది. బందరు రోడ్డులో ఏ స్టాపు వస్తోందో చెప్పడానికి అది చాలు, కాలిబాట మీద ఉన్నామో రోడ్డు మీద ఉన్నామో చెప్పడానికి చాలదు. ఆ మొదటి పనిని తెలుగు మాటతో సహా ఫోనే చేస్తోంది.

పెట్టె, విద్యుత్తు

కరెంటు పనివారు వాడే పీవీసీ జంక్షన్ బాక్సులో 16 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి సెన్సార్లను బిగించాను. వాటి మూతి పెట్టె ఉపరితలానికి సమంగానో కాస్త బయటికో ఉండాలి, లోపలికి ఉంటే రంధ్రపు అంచే అడ్డంకిగా నమోదవుతుంది. 2,000 మిల్లీయాంపియర్ అవర్ల 18650 సెల్లు, రక్షణ చిప్పు ఉన్న టీపీ4056 ఛార్జింగ్ బోర్డు, 5 వోల్టులకు పెంచే కన్వర్టరు వాడాను. రోజుకు రెండు మూడు గంటల నడకకు వారం పాటు వస్తోంది. ఛార్జింగ్ బోర్డు మీద వెలిగే ఎర్ర, నీలి దీపాలు ఈ ఇద్దరికీ నిష్ప్రయోజనం. అందువల్ల స్విచ్చి వేయగానే మోటారు మూడుసార్లు కదిలితే సెల్లు నిండుగా ఉన్నట్టు, ఒక్కసారే కదిలితే ఆ రాత్రే ఛార్జింగ్ పెట్టాలన్నట్టు ఏర్పాటు చేశాను.

ఇక చేయవలసింది మోటారు మార్పు. బిళ్ల మోటారు స్థానంలో త్వరగా మొదలై త్వరగా ఆగే లీనియర్ రెసోనెంట్ రకాన్ని, దానిని నడిపే డీఆర్‌వీ2605ఎల్ బోర్డును తెప్పించాను. అది కుదిరితే స్పందనలో సెకనులో పదోవంతు దాకా మిగులుతుంది. ఆ మిగులును బస్టాండులో అయిదు కొలతల పద్ధతికి ఖర్చుపెట్టాలని ఉంది. వానలు తగ్గేదాకా అక్క దగ్గర హెచ్‌సీ-ఎస్‌ఆర్04 పెట్టె 120 సెంటీమీటర్ల పరిధితో, మాస్టారి దగ్గర జేఎస్ఎన్ పెట్టె 180 సెంటీమీటర్ల పరిధితో ఉంటాయి.