రాత్రిబడి దాకా నడిచొచ్చిన సైన్స్ పాఠం

మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికకి ఏం రాద్దామని మాట్లాడుకున్నప్పుడు మిత్రులు చాలామంది ర్యాంకులు, కబడ్డీ కప్పులు, విదేశాల్లో స్థిరపడ్డవాళ్ళ పేర్లు గుర్తుచేశారు. అవన్నీ గర్వపడాల్సినవే. అయితే మన బడి చేసిన ఇంకో పెద్ద పని ఉంది. అది ఏ బోర్డు మీదా లేదు. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం 'అక్షరదీపం' పేరుతో ఊరూరా సాగిన రోజుల్లో, తొమ్మిది, పది తరగతుల పిల్లలం మన అమ్మల వయసు ఆడవాళ్ళకి రాత్రిపూట చదువు చెప్పాం. ఆ తర్వాత కొంతకాలానికే, 1992లో, ఆ ఆడవాళ్ళు సారా కొట్ల ముందు బైఠాయించారు. ఈ రెండు సంగతుల మధ్య మన సైన్స్ ల్యాబ్ ఉంది. నేను రాయాలనుకున్నది దాని గురించి.

మా సైన్స్ సారు జనంలోకి సైన్సుని తీసుకెళ్ళే జన విజ్ఞాన వేదికలో పనిచేసేవారు. 1988లో పుట్టిన సంస్థ అది, అప్పటికి చాలా కొత్త. సెలవు రోజుల్లో పాటలు, నాటికలు వేసే కళాజాతా బృందంతో ఊళ్ళు తిరిగి, సోమవారం బొంగురు గొంతుతో క్లాసుకొచ్చేవారు. ల్యాబంటే రెండు బీరువాలు, ఒక పొడుగాటి బల్ల, నాలుగైదు స్పిరిట్ దీపాలు. సామాను తక్కువ కాబట్టి ఇంట్లో దొరికేవాటితోనే ప్రయోగాలు చేయించేవారు.

ఆమ్లాలు, క్షారాల పాఠం రోజు ఒక కత్తి, ఒక నిమ్మకాయ తెచ్చారు. మాట్లాడకుండా నిమ్మకాయ కోశారు. రసం ఎర్రగా కారింది. ముందు వరసలో ఉన్న ఆడపిల్లలం లేచి గోడదాకా జరిగాం. చేతబడి చేస్తే నిమ్మకాయలోంచి రక్తం వస్తుందని మాకందరికీ తెలుసు. ఎవ్వరం చూడలేదు, అయినా తెలుసు. సారు మాత్రం "ఎట్టా వచ్చిందో రేపటికి కనుక్కోని రాండి" అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమంతా బడిలో అదే చర్చ. ఆఫీసు గది పక్కనున్న మందార చెట్టుకి పూలు తగ్గాయని మాలో ఒకరు గమనించారు. మర్నాడు మేమే రెక్కలు నలిపి కత్తికి రుద్ది ఆరబెట్టి నిమ్మకాయ కోశాం. ఎరుపు వచ్చింది. అదే రసంలో సబ్బు నీళ్ళు పోస్తే పచ్చగా మారింది. అప్పుడు సారు పుస్తకం తెరిచి 'సూచిక' అన్న మాట బోర్డు మీద రాశారు. ఆమ్లంలో ఒక రంగు, క్షారంలో ఇంకో రంగు చూపించేదాన్ని అట్లా అంటారు.

పరీక్షలో ఆ ప్రశ్నకి రెండు మార్కులు. ఊళ్ళో దానికి ఉన్న విలువ వేరు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు అప్పుడూ చదివాం, ఇప్పుడూ చదువుతున్నాం. నిమ్మకాయలో రక్తం ఎట్టా వచ్చిందని అడిగే పిల్ల ఒక్కతె ఆ గుంపులో ఉంటే ఏమవుతుందో నేను ఊహించుకోగలను. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో ప్రాథమిక విధులు చేరాయి. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతను, ప్రశ్నించి తెలుసుకునే తత్వాన్ని పెంపొందించుకోవడం అందులో ఒకటి. సారు దాన్ని ల్యాబ్ గోడ మీద రాయించారు. ఎవరైనా టకటకా జవాబు చెబితే ఆయన అడిగేది ఒకటే: "నీకెట్టా తెలుసు?"

ఇక రాత్రిబడి. నాకూ ఇంకో ఇద్దరు స్నేహితురాళ్ళకీ ఇచ్చిన కేంద్రం ఎస్సీ కాలనీలో, వేపచెట్టు కింద. పొద్దున్నుంచీ నాట్లు వేసో, కలుపు తీసో, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లల్ని నిద్రపుచ్చి అప్పుడొచ్చేవాళ్ళు. బురదలో నానిన వేళ్ళు పగిలి ఉండేవి. బలపం పట్టుకుంటే మంటపుడుతుందని గుడ్డపేలిక చుట్టుకుని రాసేవాళ్ళు. మేం చెప్పిన వాచకం అ, ఆలతో మొదలయ్యేది కాదు. వాళ్ళ బతుకులో ఉన్న మాటలతో మొదలై, ఆ మాటల్లోంచి అక్షరాలు విడదీసేది. ఇలాంటి వాచకాలు మూడుండేవి, ఒకదాని తర్వాత ఒకటి. నేను కాలనీ నుంచి రాగానే మా నాయనమ్మ బావి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి రమ్మనేది. ఆమె అనడం మానలేదు, నేను కడుక్కోవడం మానేశాను. మా ఇంట్లో కులం గురించి జరిగిన మొదటి గొడవ అదే. దాన్ని తెచ్చింది ఉపన్యాసం కాదు, ఆ చెట్టు కింద చదువు.

అక్కడ నేను చెప్పినదానికంటే వాళ్ళు అడిగిందే ఎక్కువ. ఒకరోజు పిల్లల విరేచనాల పాఠం వచ్చింది. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలని చదివాను. చంటిబిడ్డని ఒళ్ళో పెట్టుకున్న ఒకామె, "నీళ్ళలాగా పోతా ఉంటే ఇంకా నీళ్ళే పోస్తే ఎక్కువ కాదా పాపా?" అంది. విరేచనాలప్పుడు నీళ్ళు పట్టకూడదని మా ఇళ్ళల్లోనూ అనేవాళ్ళు. నాకు జవాబు తెలియలేదు, రేపు చెప్తానన్నాను. మర్నాడు సారే వచ్చారు, అడుగున చిల్లున్న ముంత పట్టుకుని. నీళ్ళు పోసి చూపించారు. కారిపోతున్నంత సేపూ పైన పోస్తూ ఉంటే ముంత ఖాళీ కాదు, ఆపితే ఖాళీ. ఆమె ఊరుకోలేదు. "మరి ఉప్పూ చక్కెరా ఎందుకు?" అని అడిగింది. పేగు గోడ ఉప్పునీ చక్కెరనీ కలిపి పీల్చుకుంటుందనీ, వాటి వెంట నీళ్ళు కూడా ఒంట్లోకి వెళతాయనీ సారు చెప్పారు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయని కూడా హెచ్చరించారు. నేను తర్వాత బీఎస్సీలో, బీఈడీలో ఎన్నో ప్రయోగాలు చూశాను. అంత శ్రద్ధగా విన్న క్లాసుని మాత్రం చూడలేదు.

సారా సంగతి కూడా అలాగే, వాళ్ళ ప్రశ్నతోనే వచ్చింది. అప్పట్లో 'వారుణి వాహిని' పథకంతో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో ఊళ్ళలోకి వచ్చేది. కూలి డబ్బు చేతికందే చోటికి కొట్టు దగ్గర, ఇల్లు దూరం. సారా తాగితే ఒళ్ళు నొప్పులు పోతాయంటారు, నిజమేనా అని అడిగారు. నొప్పి పోదు, మెదడు మొద్దుబారి తెలియకుండా పోతుంది, విషాన్ని విరగ్గొట్టే పని కాలేయం మీద పడుతుంది అని సారు వివరించారు. స్వేదనం (మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టడం) పాఠం మాకు ల్యాబులో అప్పటికే అయింది కాబట్టి, బెల్లం ఊట పులిసి సారా ఎట్టా అవుతుందో మేమే చెప్పగలిగాం. ఆ వారం లెక్కల పాఠంలో వాళ్ళు పలకకి ఒకవైపు వారం కూలి, రెండోవైపు ప్యాకెట్ల ఖర్చు రాశారు. తీసివేత నేర్పింది మేము, ఆ రెండు అంకెలు వాళ్ళవి. పలక చూస్తూ చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

అదే సమయంలో మెట్టలోని దూబగుంటలో ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారు. ఆ కథ 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠంగా వాచకంలోకి వచ్చింది. చదవడం అప్పుడే వచ్చినవాళ్ళు కూడబలుక్కుంటూ చదివిన పాఠం అది. మా ఊరికి ఆ సంగతి తెచ్చింది పత్రికా కాదు, పార్టీ కాదు, ఆ పుస్తకమే. 1992లో జిల్లా అంతటా కొట్లు మూతబడుతూ వచ్చాయి. సారా అమ్మే హక్కుల వేలంపాటలు జరగనివ్వబోమని ఆడవాళ్ళు నెల్లూరుకి తరలివెళ్ళారు. నేనప్పుడు ఇంటర్‌లో ఉన్నాను. మా కేంద్రం వాళ్ళు ట్రాక్టరెక్కుతుంటే చూశాను. వేలంపాటలు వాయిదా పడ్డాయి, మళ్ళీ పెడితే మళ్ళీ ఆగాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. దూబగుంట ఆడవాళ్ళని ముందుండి నడిపిన రోశమ్మ పేరు ఈ చరిత్రలో నిలిచిపోయింది. మా కేంద్రంలో కూర్చున్న వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

అక్షరాలు నేర్పబట్టే ఉద్యమం వచ్చిందని కొందరు రాస్తారు. నేను అక్కడ ఉన్నాను కాబట్టి ఆ మాట పూర్తిగా ఒప్పుకోను. కోపం వాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి ఉంది, ఎవరింట్లో వాళ్ళు దిగమింగుకున్నారు. ఆడవాళ్ళు రాత్రిపూట ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి ఊళ్ళో అంతకుముందు ఒక్క తావు కూడా లేదు. చదువు పేరు చెబితే మొగుళ్ళు కాదనలేకపోయారు, అత్తలు అడ్డుచెప్పలేకపోయారు. ఆ తావుని ఇచ్చింది అక్షరదీపం. అక్కడికొచ్చాక, విన్నదాన్ని అట్టే నమ్మకుండా ఎట్టా తెలుసని అడగడం, అంకెలు రాసి చూసుకోవడం మన ల్యాబ్ నుంచి వెళ్ళాయి. మన బడి గొప్పతనమని నేననేది ఇదే. ఉద్యమం మనం చేయలేదు. చేసేవాళ్ళకి పనికొచ్చేది ఒకటి మన దగ్గర ఉంటే, గేటు లోపలే పెట్టుకుని కూర్చోలేదు.

ఉద్యమం చల్లారాక కూడా రాత్రిబడి చదువు పనికిరావడం ఆగలేదు. 1993లో మన జిల్లాలో మొదలైన పొదుపులక్ష్మి అనే ఆడవాళ్ళ పొదుపు పథకంలో రోజుకో రూపాయి దాచుకున్న సంఘాలకి లెక్కలు రాసింది, బ్యాంకులో సంతకాలు పెట్టింది రాత్రిబడిలో బలపం పట్టినవాళ్ళే. 1995 అక్టోబర్ 24న, దీపావళి మర్నాడు, సూర్యగ్రహణం పట్టింది. మనకి పాక్షికమే. సారు చిన్న చిల్లు పెట్టిన కాగితాన్ని అద్దానికి అంటించి, బడి గోడ మీద కొరికిన సూర్యబింబాన్ని పడేలా చేశారు. సెలవుకి ఊరొచ్చిన నేను వెళ్ళేసరికి, మా కాలనీ విద్యార్థినులు ఐదారుగురు కోడళ్ళని, మనవళ్ళని వెంటబెట్టుకుని అప్పటికే అక్కడున్నారు.

నేనిప్పుడు భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పే టీచర్‌ని. పాఠ్యపుస్తకాలు మా రోజులకంటే బాగున్నాయి, ప్రయోగాలు, కృత్యాలు నిండుగా ఉన్నాయి. కానీ జవాబు ముందే చెప్పేసి, ప్రయోగాన్ని రికార్డులో బొమ్మగా గీయించడం చాలా బడుల్లో మామూలైపోయింది. బిట్లు బట్టీ పట్టిన పిల్లలు మంచి మార్కులే తెచ్చుకుంటున్నారు. ఆ మార్కులు నాకూ సంతోషమే. నిమ్మకాయ కోసి ఒక రాత్రంతా జవాబు చెప్పకుండా ఉండాలంటే టీచర్‌కి తీరిక కావాలి, పైవాళ్ళ నమ్మకం కావాలి. ఫోన్లో వచ్చే ప్రతి వైద్యాన్నీ, ప్రతి పుకారునీ నమ్మేసే ఈ రోజుల్లో ఆ ఒక్క రాత్రి మరీ అవసరం.

పూర్వ విద్యార్థుల సంఘం ఈసారి ఆర్చి కట్టిద్దామని అనుకుంటోంది. ఆ డబ్బులో సగమైనా ల్యాబుకి ఇవ్వాలని నా మనవి. వారానికి రెండు సాయంత్రాలు ల్యాబ్ తెరిచి ఉంచి ఊరివాళ్ళని రానిస్తే, బావినీళ్ళ పరీక్షలతో మొదలుపెట్టొచ్చు. నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిందో లేదో చూపే కిట్లు దొరుకుతున్నాయి, పదో తరగతి పిల్లలు వాడగలరు. నేర్పడానికి నెలకో ఆదివారం నేనొస్తాను. ఆనాటి వాచకాలు, కేంద్రాల హాజరు పట్టీలు, ఫోటోలు ఎవరి ఇంట్లోనైనా మిగిలి ఉంటే బడి లైబ్రరీకి ఇవ్వండి. పట్టీల్లో ఉన్న ఆడవాళ్ళ పేర్లన్నీ వచ్చే సంచికలో అచ్చు వేద్దాం. వాళ్ళలో కొందరు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు, వాళ్ళని కూడా సమావేశానికి పిలుద్దాం.