ఒకే డేటాబేస్, నాలుగు రకాల కంప్యూటర్లు: మిర్చి సీజన్‌లో నా అనుభవం

వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో నేను అకౌంట్స్ చూస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాకు ఊపిరి సలపదు. తేజ, వండర్ హాట్, చపాటా రకాల మిర్చి బస్తాలు ట్రాక్టర్ల మీద, డీసీఎంల మీద వస్తూనే ఉంటాయి. ప్రతి రైతు సరుకుకూ ఒక లాట్ నంబర్, బస్తాల లెక్క, ఏ చాంబర్‌లో పెట్టామన్నది, బాండ్ నంబర్ ఉంటాయి. ఇదంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌లో చేసిన ఒకే ఒక్క ఫైలులో ఉండేది. ఆ బాండ్ చూపిస్తేనే రైతు తర్వాత సరుకు తీసుకుంటాడు, అవసరం పడితే దాని మీదే అప్పు తెచ్చుకుంటాడు. అందుకే ఈ ఫైలు ఆగితే నాకు నిద్ర పట్టదు.

కౌంటర్‌లో విండోస్ 7, యాక్సెస్ 2007. నా గదిలో యాక్సెస్ 2016, 32 బిట్ రకం. గేటు దగ్గర కాటా కంప్యూటర్‌లో యాక్సెస్ అసలు లేదు, చీటీలు రాసి కౌంటర్‌కు పంపేవారు. ఈ మధ్య సేటు గారబ్బాయి కొత్త ల్యాప్‌టాప్ తెచ్చాడు. అందులో మైక్రోసాఫ్ట్ 365తో వచ్చే కొత్త యాక్సెస్, 64 బిట్ రకం. షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న అదే ఫైలును గేటు తప్ప మిగతా అందరం తెరిచేవాళ్లం.

ల్యాప్‌టాప్ రాకముందే ఒక తలనొప్పి ఉంది. నా గదిలో ఏదైనా ఫారం సరిచేసి సేవ్ చేస్తే, మర్నాడు కౌంటర్‌లో 'కాంట్ ఫైండ్ ప్రాజెక్ట్ ఆర్ లైబ్రరీ' అని వచ్చేది. విచిత్రమేమిటంటే, కర్సర్ వెళ్లి ఇవాళ్టి తేదీ తెచ్చే 'డేట్' అనే మామూలు ఫంక్షన్ మీద ఆగేది. తేదీలో తప్పేముంటుందని ఎంత వెతికినా దొరకదు. అసలు లోపం వేరే చోట ఉంది. కోడ్ విండోలో టూల్స్, రెఫరెన్సెస్ (కోడ్ వాడుకునే బయటి లైబ్రరీల లింకుల జాబితా) తెరిస్తే ఎక్సెల్ లైబ్రరీ పక్కన 'మిస్సింగ్' అని కనిపించింది. నా గదిలోని కొత్త వెర్షన్ యాక్సెస్, ఫైలును తెరిచినప్పుడు ఎక్సెల్ లింకును తనకున్న 16.0కు తానే పెంచుకుంటుంది. పాత మెషిన్‌లో ఆ లైబ్రరీ లేదు, వెనక్కి తగ్గించుకోవడం దానికి రాదు. ఒక్క రెఫరెన్స్ తెగితే చాలు, సంబంధం లేని ఫంక్షన్లూ ఆగిపోతాయి.

ల్యాప్‌టాప్ వచ్చాక గొడవ ముదిరింది. కంప్యూటర్‌లో ఎవరు లాగిన్ అయ్యారో పట్టుకోవడానికి పాత ప్రోగ్రామర్ విండోస్ ఫంక్షన్‌ను పిలిచే ఒక డిక్లేర్ లైను రాశాడు. 64 బిట్ యాక్సెస్ దాన్ని ఒప్పుకోదు, 'పీటీఆర్‌సేఫ్' అనే మాట ఉండాలంటుంది. ఫారం తెరుచుకోకపోయేసరికి ఆ అబ్బాయి రాత్రి అందరూ వెళ్లాక నేరుగా టేబుల్ తెరిచి, రైతుల మొబైల్ నంబర్లకు ఒక కాలమ్ చేర్చాడు. సంఖ్యలకు మామూలుగా వాడే లాంగ్ ఇంటీజర్ రకంలో 2,147,483,647 దాటిన సంఖ్య పట్టదు. మన పది అంకెల మొబైల్ నంబర్లు అందులో ఇమడవు కాబట్టి 'లార్జ్ నంబర్' ఎంచుకున్నాడు. చూస్తే సబబైన ఎంపికే. కానీ అది కొత్త యాక్సెస్‌లు మాత్రమే అర్థం చేసుకునే రకం.

పొద్దున్నే కౌంటర్ తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, ఫైలు ఓపెన్ అయితలేదు. ఫార్మాటే గుర్తుపడతలేదు అంటున్నది." గేటు బయట ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నాయి. ఆ పూట బాండ్లు చేత్తో రాశాం.

ముందు ఫైలుకు కాపీ తీశాను. కాలమ్ రకం మార్చినా పాత యాక్సెస్ తెరవలేదు, ఎందుకంటే కొత్త యాక్సెస్‌కే తెరుచుకోవాలన్న గుర్తు ఫైలుకే పడిపోయింది. ల్యాప్‌టాప్‌లోనే కొత్త ఖాళీ ఫైలు చేసి, కాపీలో మొబైల్ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి, టేబుళ్లు, ఫారాలు అన్నీ అందులోకి ఇంపోర్ట్ చేశాను. మొబైల్ నంబర్‌తో కూడికలు, తీసివేతలు చేయం కదా, అది టెక్స్ట్‌గా ఉండడమే మంచిది. మొత్తం బస్తాలు, చివరి లాట్ నంబర్ కాగితం రిజిస్టర్‌తో సరిపోయాకే కౌంటర్‌లో తెరిచాను. తెరుచుకుంది.

అంతటితో ఆగితే మళ్లీ అదే కథ అవుతుంది. అందుకే సాయంత్రం లోడ్లు తగ్గాక ఫైలును రెండుగా విడగొట్టాను. డేటాబేస్ టూల్స్‌లో యాక్సెస్ డేటాబేస్ అన్న బటన్ ఈ పని చేసిపెడుతుంది. టేబుళ్లు ఒక ఫైలుగా షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఫారాలు, రిపోర్టులు, కోడ్ ఉన్న రెండో ఫైలు ఎవరి కంప్యూటర్‌లో వారిదే. ఈ పని 2007 ఉన్న మెషిన్ మీదే చేశాను. లింకు దారిలో జెడ్ డ్రైవ్ లాంటి అక్షరం కాకుండా రెండు బ్యాక్‌స్లాష్‌లతో కంప్యూటర్ పేరే ఇచ్చాను, ఎందుకంటే డ్రైవ్ అక్షరం అందరి దగ్గరా ఒకేలా ఉండదు.

ఎక్సెల్ రెఫరెన్స్ తీసేసి కోడ్‌లో క్రియేట్ఆబ్జెక్ట్ వాడాను. అప్పుడు ఎవరి దగ్గర ఏ ఎక్సెల్ ఉంటే దాన్నే పిలుస్తుంది. డిక్లేర్ లైనును 'ఇఫ్ వీబీఏ7' (కొత్త యాక్సెస్ అయితే) అన్న షరతుతో రెండు రకాలుగా రాశాను, ఎందుకంటే 2007కు పీటీఆర్‌సేఫ్ తెలియదు. కౌంటర్‌లో ఆ లైను ఎర్రగా కనిపిస్తుంది గానీ పని చేస్తుంది, కంగారు పడక్కర్లేదు.

గేటు దగ్గర, తయారైన ఫైలును నడపడానికి మాత్రమే పనికొచ్చే, ఉచితంగా దొరికే యాక్సెస్ రన్‌టైమ్ వేశాం. ఇక్కడ ఒకటి గమనించాలి: కోడ్‌లో ముందే పట్టుకోని ఎర్రర్ వస్తే రన్‌టైమ్ మొత్తం ప్రోగ్రామ్‌నే మూసేస్తుంది. అందుకే ప్రతి బటన్ వెనకా ఎర్రర్‌ను పట్టుకునే కోడ్ (ఎర్రర్ హ్యాండ్లింగ్) రాయాల్సి వచ్చింది, ఎక్కువ సమయం పట్టింది దానికే. ఫోల్డర్ మీద అందరికీ చదివే, రాసే, తొలగించే హక్కులు మూడూ ఇవ్వాలి. ఫైలు తెరవగానే పక్కన లాక్ ఫైలు పుడుతుంది, ఆఖరి మనిషి మూసేశాక పోతుంది. ఆ హక్కులు లేని మనిషి ముందుగా తెరిస్తే మిగతావాళ్లు లోపలికి రాలేరు.

ల్యాప్‌టాప్‌ను వైఫై మీద కాకుండా కేబుల్‌తో కలపమని గట్టిగా చెప్పాను. రాస్తుండగా లైను తెగితే టేబుల్ పాడయ్యే ప్రమాదం ఉంది. సేటు గారబ్బాయి మొదట విసుక్కున్నా, ఒప్పుకున్నాడు.

నిజానికి అందరికీ ఒకే వెర్షన్ కొంటే ఇందులో సగం పని తప్పేది. 2007కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2017 అక్టోబర్‌లోనే ఆగిపోయింది, భద్రత కోసమైనా మార్చాలి. "నడుస్తున్న మెషిన్ ఎందుకు మార్చాలె" అన్న సేటు గారు ఇప్పుడు సీజన్ అయ్యాక కొంటానంటున్నారు. అప్పటిదాకా ఫారంలో చిన్న మార్పు కావాలన్నా కౌంటర్ దగ్గర కూర్చుని 2007లోనే చేస్తున్నాను. ఒక ఉత్తుత్తి లాట్ ఎక్కించి, నాలుగు కంప్యూటర్లలో బాండ్ ప్రింట్ వచ్చాకే కొత్త కాపీ అందరికీ ఇస్తున్నాను.