బరువైన లెన్స్‌కు ముందు పిడి, తర్వాతే తొడుగు

కిందటి శీతాకాలం నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల గూళ్లు చూస్తూ మూడు రోజులు గడిపి ఇంటికి వచ్చాక, నా ఎడమ మణికట్టు పది రోజుల పాటు నొప్పి పెట్టింది. నా దగ్గరున్నది దూరపు పక్షులను దగ్గరగా చూపే నికాన్ 200–500 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్. దాని చుట్టూ ఉంగరంలా బిగించే కాలర్‌తో కలిపి దాని బరువు 2,300 గ్రాములు, దానికి తగిలించే డీ500 కెమెరా బ్యాటరీతో కలిపి 860 గ్రాములు, అంటే చేతిలో మూడు కిలోలకు పైనే. లెన్స్‌ను ఎత్తి పట్టుకుని ఫొటోలు తీయడం వల్లనే నొప్పి వచ్చిందని మొదట అనుకున్నాను. కానీ ఫొటోల మీద నమోదైన సమయాలను వరుసగా చూసుకుంటే, రోజు మొత్తంలో దాన్ని కంటి దగ్గర పెట్టుకున్నది గంటకు మించదని, మిగిలిన కాలమంతా చెరువు గట్టు మీద నడుస్తూ, వాచ్ టవర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఊరికే మోసుకు తిరిగానని తేలింది. లెన్స్ కొనేటప్పుడు దాని పదును గురించి నెలల తరబడి చదివిన నేను, దాన్ని ఎక్కడ పట్టుకుని మోయాలో ఒక్క రోజు కూడా ఆలోచించలేదు.

కెమెరాతో వచ్చిన పట్టీని మెడలో వేసుకుని ఇంత బరువును వేలాడదీయడం చాలామంది చేసే పని. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. ఆ పద్ధతిలో బరువైన లెన్స్ తేలికైన కెమెరా నుంచి వేలాడుతుంది గనుక, రెండింటినీ కలిపే మౌంట్ మీద, దాన్ని బిగించిన చిన్న చిన్న స్క్రూల మీద లెన్స్ పొడవంతా ఒక గడకర్రలా పనిచేస్తుంది. నడకలో పడే ప్రతి కుదుపూ అక్కడికే చేరుతుంది. ఇలాంటి లెన్స్‌లకు నడుము దగ్గర కాలర్, దాని కింద ఫుట్ అనే చిన్న లోహపు కాలు ఇవ్వడానికి కారణం అదే. కెమెరా, లెన్స్ కలిసిన మొత్తం బరువు సమతూకం కుదిరే చోటు ఆ ఫుట్‌కు దగ్గరలో ఉంటుంది. ట్రైపాడ్‌కు బిగించుకోవడానికే అది ఉందని అనుకుంటాం గాని, నా వరకు అది ముందుగా పిడి, ఆ తర్వాతే ట్రైపాడ్ భాగం.

పిడి అన్నాక నాలుగు వేళ్లూ పట్టాలి. దుకాణంలో లెన్స్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు ఫుట్‌ను పైకి తిప్పి, దాని కింద వేళ్లు దూర్చి, అటూ ఇటూ ఒక ఐదు నిమిషాలు నడిచి చూడమని అడిగినవారందరికీ చెబుతున్నాను. చాలా లెన్స్‌లతో వచ్చే ఫుట్ పొట్టిగా ఉంటుంది, మూడు వేళ్లు పట్టి చిటికెన వేలు గాలిలో మిగిలిపోతుంది. కొన్నింటిలో ఫుట్‌కూ లెన్స్ గొట్టానికీ మధ్య ఖాళీ చాలక వేళ్ల కణుపులు గొట్టానికి రాసుకుంటాయి. ఖాళీ ఎక్కువగా ఉంటే చేతికి హాయి, కాని ట్రైపాడ్ మీద లెన్స్ అంత ఎత్తున నిలబడి గాలికి వణుకుతుంది. ఖాళీ తక్కువైతే స్థిరత్వం బాగుంటుంది, మోత కష్టమవుతుంది. రోజంతా ట్రైపాడ్ మీదే పనిచేసేవారు తక్కువ ఎత్తున్న ఫుట్‌ను, నాలా నడుస్తూ తిరిగేవారు వేళ్లు పట్టేంత ఎత్తున్న దాన్ని ఎంచుకోవడం మేలు.

ఫుట్ అడుగున ఆర్కా–స్విస్ అనే సంస్థ పేరుతో వాడుకలోకి వచ్చిన తరహా వాలు గాడి ఉందో లేదో చూడడం రెండో సంగతి. సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పుండే ఆ గాడి ఉంటే ట్రైపాడ్ తలలోకి నేరుగా జారుతుంది, వేరే ప్లేటు అక్కర్లేదు. టామ్రాన్ 150–600 రెండో తరం లెన్స్‌కు అది ఫుట్‌లోనే చెక్కి వస్తుంది. నా నికాన్‌కు లేదు, సోనీ 200–600కూ లేదు. సోనీలో కాలర్ అలాగే ఉండి ఫుట్ మాత్రమే ఊడి వస్తుంది కనుక, దాని స్థానంలో గాడి ఉన్న పొడవాటి ఫుట్‌ను పెట్టుకోవచ్చు. కర్క్, వింబర్లీ, రియల్లీ రైట్ స్టఫ్ లాంటి సంస్థలు ఇలాంటివి అల్యూమినియంతో చేస్తాయి. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. ఫుట్ కింద ఒక ప్లేటు బిగించుకుంటే పదో వంతులో పని అయిపోతుందని అనుకుని నేను ఆ దారి పట్టాను. పట్టి, అందులో ఉన్న రెండు గోతుల్లోనూ పడ్డాను.

మొదటిది, ఆన్‌లైన్‌లో కొన్న ఆ ప్లేటుకు పావు అంగుళం స్క్రూ ఒక్కటే ఉంది. ఎంత గట్టిగా బిగించినా, లెన్స్ బరువుకు ప్లేటు ఆ ఒక్క స్క్రూ చుట్టూ గడియారం ముల్లులా మెల్లగా తిరిగేది. రెండు స్క్రూలైనా ఉండాలి, లేదా ఫుట్ అంచును ఆనుకునేలా ప్లేటుకు ఒక చిన్న గట్టయినా ఉండాలి. రెండో గొయ్యి ఇంకా ప్రమాదకరమైనది. గాడి చివర్లలో జారిపోకుండా ఆపే బుల్లి స్క్రూలు ఉండాలి. నా ప్లేటుకు ఉన్న ఆ రెండింటినీ, అడ్డంగా ఉన్నాయని, నేనే తీసి ఎక్కడో పడేశాను. తేలినీలాపురంలో ఒక ఉదయం మోనోపాడ్‌ను, అంటే ఒంటికాలి స్టాండును, భుజాన వేసుకుని నడుస్తుంటే బిగింపు కాస్త వదులై, కెమెరాతో సహా లెన్స్ గాడి వెంట వెనక్కి జారింది. వెనకే వస్తున్న మిత్రుడు ‘అన్నా, ఆగు!’ అని అరిచి రెండు చేతులతో పట్టుకోకపోతే ఈ వ్యాసం వేరేలా ఉండేది. తప్పు ప్లేటుది కాదు, నాదే. ఆ సాయంత్రమే సైకిల్ దుకాణంలో సరిపోయే స్క్రూలు రెండు, ఒక అల్లెన్ కీ కొన్నాను. ఆ కీ ఇప్పటికీ కెమెరా సంచి ముందు అరలోనే ఉంటుంది.

ఆర్కా–స్విస్ కొలతలు తయారీదారుల మధ్య కొద్దికొద్దిగా మారుతుంటాయని కూడా అప్పుడే తెలిసింది. ట్రైపాడ్ తల మీద ప్లేటును పట్టుకునే క్లాంపుల్లో, మీట నొక్కితే బిగిసే రకం ఒక కొలతకే చక్కగా పడుతుంది, వేరే వారి ప్లేటు పెడితే వదులుగానో మరీ బిగువుగానో ఉంటుంది. బిరడా తిప్పి బిగించే రకం కాస్త నిదానమే గాని, ఏ ప్లేటునైనా గట్టిగా పట్టుకుంటుంది. సమయం కన్నా లెన్స్ ముఖ్యం గనుక నేను బిరడా రకానికే మారాను. పులికాట్ సరస్సు వైపు గతుకుల దారుల్లో బైకు మీద వెళ్లినప్పుడు ఆ అదురుకు కాలర్ బిరడా కూడా వదులవుతుంది. బండి దిగగానే ముందు దాన్ని తిప్పి చూడడం ఇప్పుడు హెల్మెట్ తీసినంత అలవాటైంది.

ఎండలో నిలబెట్టిన లోహపు ఫుట్ మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది, చెమట చేతికి జారుతుంది కూడా. దీనికి నేను చేసింది అతి చవకైన పని. షటిల్ రాకెట్ పిడికి చుట్టే గ్రిప్ టేపును ఫుట్ పైభాగానికి చుట్టాను. సైకిల్ హ్యాండిల్ టేపు ఇంకా మెత్తగా ఉంటుంది కాని మందం ఎక్కువై వేళ్లకు ఉన్న ఖాళీని తినేస్తుంది. గాడి పక్కల మీదకు మాత్రం టేపు రాకూడదు, వస్తే క్లాంపు లోహాన్ని కాక టేపునే పట్టుకుంటుంది.

భుజం పట్టీ విషయంలో ఎక్కువ చెప్పేదేమీ లేదు. అడ్డంగా వేసుకునే పట్టీ ఏదైనా సరే, దాన్ని లెన్స్ ఫుట్‌కు తగిలించి, దానికి తోడుగా మరో చిన్న తాడును కెమెరా కొక్కేనికి కట్టుకోవాలి. ఒకటి తెగినా రెండోది పట్టుకుంటుంది.

ఇక తొడుగులు. నియోప్రీన్ అంటే సముద్రంలో ఈదేవారు వేసుకునే దుస్తుల గుడ్డ, రబ్బరులో సన్నని గాలి బుడగలు ఉండే పదార్థం. కొన్ని సంస్థలు ఒక్కో లెన్స్ కొలతకు సరిపోయేలా దాన్ని ముక్కలుగా కోసి అమ్ముతాయి. ఇది గీతల నుంచి, గోడకో కారు తలుపుకో తగిలే చిన్న దెబ్బల నుంచి కాపాడుతుంది. రేపు లెన్స్‌ను అమ్మాలనుకుంటే రంగు పోకుండా ఉన్నందుకు నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. కింద పడితే మాత్రం ఇది ఏమాత్రం ఆదుకోదు. మూడు మిల్లీమీటర్ల రబ్బరు రెండు కిలోల గాజును రక్షిస్తుందని నమ్మి పిడి మీద పెట్టాల్సిన డబ్బును తొడుగు మీద పెట్టినవారిని చూశాను. నా దృష్టిలో అది తలకిందుల లెక్క.

నా లెన్స్ జూమ్ చేస్తే ముందుకు పొడుచుకు వస్తుంది, సోనీ 200–600 లాంటివి లోపలే జూమ్ అవుతాయి, వాటి పొడవు మారదు. పొడుచుకు వచ్చే రకానికి తొడుగు కొనేటప్పుడు జూమ్ రింగు ముక్క, ముందు భాగం ముక్క విడివిడిగా ఉండి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉండాలి. లోపలి నుంచి వచ్చే సన్నని గొట్టానికి ఏమీ తొడగకూడదు. ఫోకస్ స్విచ్‌ల మీద వచ్చే పారదర్శక కిటికీ ముక్క కూడా నాకు నచ్చలేదు. గూడబాతు ఎగిరే క్షణంలో ప్లాస్టిక్ మీది నుంచి స్విచ్‌ను తడుముకోవాల్సి వచ్చింది. ఆ ముక్క తీసేశాను. డబ్బు మిగుల్చుకుందామని ఒకసారి మా వీధిలో బైకు సీటు కవర్లు కుట్టే ఆయన చేత రెగ్జిన్ తొడుగు కుట్టించాను. కుట్టు అద్భుతం, కొలత అచ్చు. వారం తిరిగేసరికి దాని లోపలి గరుకు అంచు లెన్స్ రంగు మీదే గీతలు పెట్టింది.

మన తీరప్రాంతంలో తొడుగుకు ఇంకో ముఖం ఉంది. కోరింగ మడ అడవుల్లో పడవ ప్రయాణం, పులికాట్ గాలి, వీటితో నియోప్రీన్ తడిసి, లోపల ఉప్పు తేమ పట్టి ఆరకుండా ఉండిపోతుంది. ఇంటికి వచ్చి లెన్స్‌ను తొడుగుతోనే అల్మారాలో పెడితే ఫంగస్‌ను పెంచి పోషించినట్టే. ప్రతి ప్రయాణం తర్వాత తొడుగు ముక్కలన్నీ విప్పి, మంచినీళ్లలో జాడించి, నీడలో ఆరేసి, లెన్స్‌ను తడి గుడ్డతోనూ పొడి గుడ్డతోనూ తుడిచి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్‌లో పెడతాను. మరో ఇబ్బంది సూళ్లూరుపేట లాడ్జిలో ఎదురైంది. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడిన లెన్స్‌ను తెల్లవారుజామున బయటకు తీస్తే గాజంతా ఆవిరి పట్టింది. తొడుగు ఉన్నందుకు అది వేడెక్కడానికి ఇంకా ఎక్కువసేపు పట్టి, సూర్యోదయం కాస్తా వెళ్లిపోయింది. ఇప్పుడు ఏసీ గదిలో పడుకునే ముందు సంచి జిప్పు మూసి స్నానాల గదిలో పెడుతున్నాను.

వానకు నియోప్రీన్ సరిపోదు. నీరు కుట్టుల్లోంచి, ముక్కల మధ్య సందుల్లోంచి లోపలికి దిగుతుంది. పలుచని ప్లాస్టిక్ గొట్టంలా ఉండి చివర తాడు బిగించుకునే రెయిన్ స్లీవ్ సంచిలో ఒక మూల పడి ఉంటే చాలు.

రంగు గురించి మిత్రులతో వాదనలు జరుగుతూనే ఉంటాయి. ఆకుల చిత్రాలున్న తొడుగు వేసుకుంటే పక్షులు భయపడవని ఒక నమ్మకం. పులికాట్ ఒండ్రు మీద రాజహంసలు లేచిపోయేది నిలబడిన మనిషి ఆకారాన్ని, కదలికను చూసి, చేతిలో లెన్స్ ఏ రంగులో ఉందో చూసి కాదు. వేసవిలో మాత్రం రంగు పట్టించుకోవాల్సిందే. కానన్ పెద్ద లెన్స్‌లకు తెల్ల రంగు వేయడానికి ఒక కారణం ఎండ వేడికి లోపలి భాగాలు వ్యాకోచించకుండా ఉండడం. అలాంటి దానికి ముదురు ఆకుపచ్చ తొడుగు తొడిగి మే నెలలో రోళ్లపాడు గడ్డిమైదానంలో నిలబడితే ఆ తెల్ల రంగు వల్ల వచ్చిన మేలంతా పోయినట్టే. నేను లేత ఇసుక రంగుకు మారాను.

లెన్స్ ముందు భాగానికి ఏ తొడుగు కన్నా, ఎండ పడకుండా ముందు తగిలించే గొట్టం లాంటి హుడ్ మంచి రక్షణ. దాన్ని తిరగేసి కాక నేరుగా తగిలించే మోస్తాను. చిన్న మూతను ప్రతిసారీ తీసి పెట్టలేక, హుడ్ మొత్తానికి తొడిగే సంచి ఒకటి మా అమ్మ చేత కుట్టించుకున్నాను. పాత జీన్స్ గుడ్డ, అంచున ఎలాస్టిక్, పడిపోకుండా లెన్స్ ఫుట్‌కు కట్టుకునే ఒక నాడా. ‘ఇంత పెద్ద మూతి దేనికిరా, ఏనుగుకా?’ అంటూనే కుట్టి ఇచ్చింది.