మూడు మార్కుల కోసం మూడు నెలల తిరుగుడు

నిన్న సాయంత్రం మా చెరువు సంఘానికి గ్రాంటు మంజూరైనట్టు లెటర్ వచ్చింది. 61 మార్కులు. మూడు నెలల కిందట ఇదే అప్లికేషన్‌కు 57 వేసి పక్కన పెట్టేశారు. పాస్ కావాలంటే 60 రావాలి. అప్లికేషన్‌లో మేము ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

మాది తిరుపతి జిల్లాలో ఒక పల్లె. చెరువు తూము పగిలి, చేరిన నీళ్లు చేరినట్టే పోతున్నాయి. మా వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడే. ఆలోగా తూము బాగుకాకపోతే ఆయకట్టు ఇంకో ఏడాది బీడే. ఊరి సంఘాలకు చిన్న గ్రాంటు ఇస్తున్నారని తెలిసి అప్లై చేశాం. తీర్మానం, ఫోటోలు, పాసుబుక్ జిరాక్స్ అన్నీ వారంలో అయిపోయాయి. ఎస్టిమేట్ మా ఊరి పాలిటెక్నిక్ అమ్మాయి వేసింది. అన్నిటికంటే దానికే ఎక్కువ మార్కులు వచ్చాయి, గర్వంగా చెప్తున్నా.

తర్వాత లిస్టు అంటించారు. మా ఊరి పేరు ఎదురుగా 'అర్హత లేదు' అని ఉంది. ఎందుకు లేదో రాయలేదు.

సంఘం అధ్యక్షుడు నాకు మామ వరస, 72 ఏళ్ల రైతు. ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. ఆయన ఫైలు గుండెకు ఆనించుకుని రెండు గంటలు నిలబడ్డాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోమని ఎవరూ అనలేదు. చివరికి సీట్లో ఉన్న మనిషి తలెత్తి, "మార్కులు చెప్పేదానికి ఇదేమన్నా పదో తరగతి పరీక్షా? ఉచితంగా వచ్చే డబ్బుకు లెక్కలడుగుతారా?" అన్నాడు. మామ ఏమీ మాట్లాడలేదు. బస్సులో కూడా మాట్లాడలేదు. చెరువు కట్ట మీద 50 ఏళ్లు మట్టి మోసిన మనిషి, బిచ్చానికి వచ్చినట్టు బయటికొచ్చాడు. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

బయట టీ కొట్టు దగ్గర ఒకాయన, ఐదు వేలిస్తే వచ్చేసారి స్కోరు పెంచిస్తానన్నాడు. ఇలాంటివాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. మార్కులు ఎలా వేస్తారో దాచిపెట్టినంత కాలమే వీళ్లకు వ్యాపారం.

మా మార్కుల షీటు ఇవ్వమని నేను సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీ స్టాంపు అంటించాను. మన రాష్ట్రంలో మండల స్థాయి ఆఫీసుకైతే 5 రూపాయలే, గ్రామ స్థాయిలో ఫీజే లేదు. 'మీకెందుకు ఇది?' అని అడిగారు. కారణం చెప్పక్కర్లేదని సెక్షన్ 6(2) లోనే ఉంది, అదే చూపించాను. 30 రోజుల గడువు, 29వ రోజు కవరు వచ్చింది. రెండు పేజీల నకలు, దానికి 4 రూపాయలు.

ఆ షీటు చూసి చేతులు వణికాయి. ముగ్గురు మార్కులు వేశారు: 70, 66, 35. సగటు 57. 'సొంత వాటా' కింద 20 మార్కులకు మొదటాయన 16, రెండో ఆయన 15, మూడో ఆయన 2. కారణం రాసే గడి ముగ్గురిదీ ఖాళీ. ఆ 2 పక్కన మాత్రం పెన్సిల్‌తో సన్నగా 'నగదు లేదు' అని ఉంది. వాళ్ల ఫారంలోనే 'నగదు, శ్రమ లేదా సామగ్రి' అని అచ్చు వేశారు! మేము 40 మంది ఆరు రోజుల శ్రమదానం, అంటే 240 పనిదినాలు, సంతకాలతో సహా జత చేశాం. ఒక్క మనిషి ఆ లైను చదవకపోవడం వల్ల ఊరికి నీళ్లు లేకుండా పోయేవి.

ముగ్గురిలో ఎవరికీ దురుద్దేశం ఉందని నేను అనను. 5 మార్కులంటే ఎంత, 15 అంటే ఎంత అని ముందే ఎవరూ రాసి ఇవ్వకపోతే ఎవరి కొలత వాళ్లది. 16కీ 2కీ ఇంత తేడా వచ్చినప్పుడు సగటు కట్టి ఊరుకోకూడదు. ముగ్గురూ కూర్చుని ఎందుకొచ్చిందో మాట్లాడుకోవాలి, కారణం రాయాలి, ఆ కాగితం గ్రాంటు రానివాళ్లకు అడగకుండానే పంపాలి. నిర్ణయానికి కారణాలు బాధితులకు చెప్పాలని అదే చట్టం సెక్షన్ 4(1)(డి) చెప్తూనే ఉంది. అందుకు నేను 29 రోజులు కాచుక్కూర్చోవాల్సి రావడమే తప్పు.

ఆ సెక్షన్ నంబరు, ఫారం జిరాక్స్, మార్కుల షీటు పెట్టి పై అధికారికి అర్జీ ఇచ్చాను. ఆయన చదివారు. ముగ్గురినీ పిలిపించి ఆ ఒక్క అంశం మళ్లీ చూడమన్నారు. మూడో ఆయన 2ను 14 చేశాడు. ఈసారి గడిలో కారణం కూడా రాశాడు. మొత్తం 183, సగటు 61.

మీరు అప్లై చేస్తుంటే శ్రమను రూపాయల్లోకి మార్చి పెద్ద అక్షరాలతో మొదటి పేజీలోనే రాయండి. మేము ఏడో పేజీలో పెట్టాం.

ఒప్పందం మీద సంతకాలకు సోమవారం రమ్మన్నారు. అదే ఆఫీసు, అదే సీటు. లోపలికి వెళ్లగానే ముందు మామకు కుర్చీ వేయమని అడుగుతాను.