డాష్‌లో ఏ మాట పెట్టాలి?

అక్క కూతురు ఎనిమిదో తరగతి. రోజూ సాయంత్రం ఇంగ్లీషు గ్రామర్ వర్క్‌బుక్ పట్టుకుని నా దగ్గరికి వస్తుంది. నిన్న ఖాళీ నింపమంటే "అన్‌లెస్ యు డోంట్ హర్రీ, యు విల్ మిస్ ద బస్" అని రాసింది.

"తప్పేంటి పిన్నీ? తొందరపడకపోతే అనే కదా?" అంది.

ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది, ఎందుకంటే జవాబు అందులోనే ఉంది. 'పడకపోతే' అనే మాటలోనే కాదనడం ఉంది. 'అన్‌లెస్' కూడా అంతే. మళ్ళీ 'డోంట్' చేరిస్తే, తొందరపడితేనే బస్సు తప్పిపోతుందని అర్థం! 'ఇఫ్' పెడితే మాత్రం 'డోంట్' ఉండాల్సిందే.

'ఆల్దో' దగ్గర కూడా ఇలాంటి చిక్కే. 'వాన పడినా ఆడారు' అనడానికి మనకు 'పడినా' చివర దీర్ఘం చాలు. ఇంగ్లీషులో ఆ పని 'ఆల్దో' వాక్యం మొదట్లోనే చేసేస్తుంది. పిల్లలు అలవాటుగా మధ్యలో 'బట్' కూడా తగిలిస్తారు. రెండూ అక్కర్లేదు, ఒకటే.

విశేషణాల్లో బోర్డ్, బోరింగ్ తేడా చెప్పడానికి ఎక్కువ సేపు పట్టింది. మనం 'బోర్ కొడుతోంది' అంటాం, ఎవరికో ఏమిటో విడిగా చెప్పం. 'ఐ యామ్ బోరింగ్' అంటే నాతో ఉన్నవాళ్ళకు విసుగొస్తుందని. విసుగు నాదైతే బోర్డ్. పాఠం బోరింగ్, పిల్ల బోర్డ్.

ఇకనుంచి ఖాళీ నింపేముందు మొత్తం వాక్యం తెలుగులో పైకి చెప్పమన్నాను. ఈరోజు పది డాష్‌లలో ఎనిమిది సరిగ్గా నింపింది.