కుందేలు పెంటికలు, మాడిన మిరపచెట్టు

ఆదివారం. కుళాయి నీళ్లు పొద్దున్నే వచ్చి పోయాయి. బట్టలు ఆరేసి, మిద్దె మీద కుందేళ్ల గూడు కడగడానికి కూర్చున్నాను. ముద్దు చేయడం పాప పని, ఎత్తిపోయడం నా పని.

నిజానికి పెంటికలతో ఇబ్బందేమీ లేదు. శనగగింజంత ఉంటాయి, చేతికి అంటవు, నలిపితే ఎండుగడ్డి పొడిలా రాలతాయి. కుందేలు మెత్తటివి కూడా వేస్తుంది గానీ వాటిని వెంటనే తనే తినేస్తుంది. మనకు దక్కేది ఈ పీచు గుళికలే. ఈ సంగతి పాపకు చెప్పి తప్పు చేశాను, స్కూలంతా చెప్పొచ్చింది.

కోళ్ల ఎరువులా మాగబెట్టే పని లేదు, నేరుగా వేసేయొచ్చు. పచ్చి పేడలో నత్రజని అర శాతం దగ్గరుంటే, వీటిలో 2 శాతం దాకా ఉంటుంది. ఆ ధైర్యంతోనే పోయిన వారం గూడు కింది రేకు మీదున్నదంతా ఊడ్చి మిరపచెట్టు మొదట్లో పోశాను. నాలుగు రోజులకు ఆకుల అంచులు మాడిపోయాయి.

ఈరోజు అత్త పైకొచ్చి చూసింది. "పెంటికలు కాదమ్మే, ఉచ్చ. దాంట్లో నానినవి అట్లే తెచ్చి పోస్తివి."

నాకు రోషం వచ్చింది. వాళ్ల ఊళ్లో వేరుశనగ బుడ్డలు వేసే ముందు చేలో గొర్రెల మంద పెట్టించేవాళ్లని, రాత్రికింత అని కాపరికి ఇచ్చేవాళ్లని తనే చెప్పింది. అక్కడా ఉచ్చా పెంటికా రెండూ పడేవి కదా, ఆ చేలెందుకు మాడలేదు అన్నాను.

"అది ఎకరాల నేల. నీది పెయింటు డబ్బా."

ఇంకేం మాట్లాడతాను!

తడి పెంటికలను గోనెసంచి మీద పరిచాను. అనంతపురం ఎండకు సాయంత్రానికల్లా గలగలలాడాయి. వంకాయకు, మల్లెకు తలా గుప్పెడు వేసి పైన కాస్త మట్టి కప్పాను. కొత్తిమీర తొట్టి జోలికి పోలేదు, దాన్ని పచ్చిగానే చల్లుకుంటాం కదా.

మిరపకు మాత్రం పైమట్టి తీసేసి, డబ్బా అడుగు బొక్కలోంచి కారేదాకా రెండుసార్లు నీళ్లు పోశాను. కణుపు దగ్గర గోరంత చిగురు కనబడింది. నిన్న కూడా ఉండేదేమో, నేనే చూసుకోలేదు.